జియాలజీ డిగ్రీలో చేరే ముందు: చెన్నై తెలుగు విద్యార్థులకు ఉన్న దారుల పోలిక

ప్లస్ టూ ఫలితాలు వచ్చాక జియాలజీ వైపు చూసే పిల్లలు చెన్నై తెలుగు ఇళ్ళలో ఏటా కొందరు ఉంటూనే ఉంటారు. వారి తల్లిదండ్రులు ముందుగా ఏ కాలేజీ మంచిదని అడుగుతారు. కాలేజీ సంగతి తర్వాత చూసుకోవచ్చు గాని, ఐదేళ్ళు చదివించే ఓపికా స్తోమతా ఉన్నాయా లేదా అన్నది ఇంట్లో ముందే తేల్చుకోవాలి. బీఎస్సీతో ఆగిపోయిన విద్యార్థికి ఈ రంగంలో దొరికే పని బహు కొద్ది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ)లో గ్రూప్ ఏ జియాలజిస్టు ఉద్యోగానికి యూపీఎస్సీ నిర్వహించే పరీక్ష రాయాలన్నా, కేంద్ర భూగర్భజల మండలిలో హైడ్రోజియాలజిస్టుగా చేరాలన్నా, ఓఎన్‌జీసీలో జియాలజిస్టు కావాలన్నా, యురేనియం వంటి ఖనిజాలను వెతికే అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్‌లో అడుగు పెట్టాలన్నా పీజీ స్థాయి పట్టా ఉండి తీరాలి. అందుచేత డిగ్రీ దారులను పోల్చేటప్పుడు మూడో ఏడు చివర ఏమొస్తుందని కాక, ఐదో ఏడు చివరికి విద్యార్థి ఎక్కడ నిలబడతాడని చూడటమే సరైన కొలత. ఈ వ్యాసంలో నేను పట్టుకున్న కొలత అదే.

చెన్నైలో ఉన్న తెలుగు విద్యార్థి ముందు ప్రధానంగా నాలుగు దారులున్నాయి. నగరంలోనే బీఎస్సీ జియాలజీ చదివి తర్వాత ఎమ్మెస్సీకి వెళ్ళడం ఒకటి. ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలోనో, శాస్త్ర విద్య, పరిశోధనల కోసం కేంద్రం నెలకొల్పిన ఐసర్‌లోనో భూవిజ్ఞానంలో దీర్ఘకాల కోర్సులో చేరడం రెండోది. మైనింగ్, జియోఇన్‌ఫర్మాటిక్స్, సివిల్ వంటి పక్క ఇంజినీరింగ్ చదువులు మూడోది. బీఎస్సీ ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ చదివి తర్వాత ఇటు మళ్ళడం నాలుగోది. ఈ నాలుగో దారి గురించి మన ఇళ్ళలో దాదాపు ఎవరికీ తెలియదు. అది చాలామందికి నప్పుతుంది కూడా.

నగరంలో బీఎస్సీ

మెరీనా ఎదుట ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీ 1840లో మొదలైంది. అక్కడి జియాలజీ విభాగం దేశంలోని పాత విభాగాల్లో ఒకటి. ప్రభుత్వ కళాశాల కాబట్టి ఏడాది ఫీజు వేలల్లోనే ఉంటుంది, లక్షల మాట రాదు. ఇంటి నుంచే వెళ్ళి వచ్చే పిల్లవాడికి హాస్టలు ఖర్చు కూడా ఉండదు. ప్రవేశం ప్లస్ టూ మార్కుల మీదే జరుగుతుంది, వేరే పరీక్ష ఏదీ లేదు. అయితే ఒక చిక్కు ఉంది. తమిళనాడు రిజర్వేషన్ వర్తించాలంటే ఈ రాష్ట్ర అధికారులు ఇచ్చిన కులధ్రువీకరణ పత్రం ఉండాలి. ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో తెచ్చుకున్న పత్రం ఇక్కడ చెల్లదు, అటువంటి విద్యార్థిని ఓపెన్ కేటగిరీలోనే లెక్కిస్తారు. రెండు తరాలుగా పెరంబూరులోనో వేపేరిలోనో ఉంటున్న కుటుంబాలకు ఇది ఇబ్బంది కాదు. ఐదారేళ్ళ కిందట ఉద్యోగరీత్యా వచ్చినవారు మాత్రం దీన్ని ముందుగానే సరిచూసుకోవాలి. భాషా పాఠ్యాంశంగా తెలుగు తీసుకోవచ్చా, తమిళమే తీసుకోవాలా అన్నది కూడా కాలేజీలో స్వయంగా అడిగి తెలుసుకోవడం మేలు. ఆ ఒక్క సబ్జెక్టు తప్పి డిగ్రీ పట్టా ఆలస్యమైన పిల్లలున్నారు.

కాలేజీని చూడటానికి వెళ్ళినప్పుడు భవనం వయసు, బోర్డు మీది పేర్లు చూసి తిరిగి రావద్దు. ప్రాక్టికల్ గదిలోకి వెళ్ళి కాంతిని ఒకే దిశలో కంపించేలా చేసే పోలరైజర్లు అమర్చిన పోలరైజింగ్ మైక్రోస్కోపులు ఎన్ని ఉన్నాయో, అందులో ఎన్ని పనిచేస్తున్నాయో, ఒక్కొక్క దాని ముందు ఎంతమంది పిల్లలు కూర్చుంటారో చూడండి. జియాలజీ చదువు సగం ఆ మైక్రోస్కోపు ముందే జరుగుతుంది. పల్లావరం కొండ రాతి ముక్క ఒకటి తీసుకుని, అద్దపు పలకకు అంటించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి వచ్చేదాకా అరగదీస్తే దాన్ని థిన్ సెక్షన్ అంటారు. అంత పలచన అయ్యాక ఆ నల్లని రాయిలోంచి వెలుతురు పారుతుంది. మైక్రోస్కోపులో ఆ ముక్కను పెట్టే గుండ్రని పీటను, అంటే స్టేజీని వేలితో మెల్లగా తిప్పుతుంటే హైపర్‌స్థీన్ అనే ఖనిజం లేత గులాబీ రంగు నుంచి లేత ఆకుపచ్చకు, మళ్ళీ గులాబీకి మారుతూ కనిపిస్తుంది. రెండో పోలరైజర్ లోపలికి తోసినప్పుడు క్వార్ట్జ్ బూడిద రంగులో ఉండాలి. అది పసుపుపచ్చగా కనిపిస్తే ముక్క ఇంకా మందంగానే ఉందని, మరికాస్త అరగదీయాలని అర్థం. ఈ విషయం పుస్తకంలో చదివిన విద్యార్థికీ, తానే ముక్క అరగదీసి పాడుచేసి మళ్ళీ చేసిన విద్యార్థికీ ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ తేడా వెంటనే తెలిసిపోతుంది. రంగులను వేరుపరచి చూడటంలో ఇబ్బంది ఉన్నవారు ఈ చదువులో చేరకముందే కంటి వైద్యుని అడగటం మంచిదని ఈ సందర్భంలోనే చెబుతున్నాను.

ఆ పల్లావరం కొండ రాయికి చార్నకైట్ అని పేరు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి మీది రాయిని చూసి 1893లో భూవిజ్ఞాని థామస్ హాలండ్ పెట్టిన పేరది. ఆ రాయి వెళ్ళింది మాత్రం మన పరంగిమలై, పల్లావరం పరిసరాల నుంచి. ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలలో ఉన్న శిల విమానాశ్రయం పక్కనే దొరకడం చెన్నై విద్యార్థికి ఉన్న అసలైన వసతి.

రెండో పరిశీలన ఫీల్డ్ ట్రిప్పులది. చెన్నై నుంచి ఒక రాత్రి ప్రయాణంలో అరియలూరు, పెరంబలూరు ప్రాంతపు క్రెటేషియస్ (రాక్షసబల్లుల కాలపు చివరి దశ) నిక్షేపాలకు చేరవచ్చు. కారై దగ్గర కోసుకుపోయిన ఎర్రని బంకమట్టి గుట్టల్లో జిప్సం పొరలు మెరుస్తూ కనబడతాయి, బెలెమ్నైట్ అనే అంతరించిన సముద్రజీవి శిలాజాలు చేతికి దొరుకుతాయి. సేలం వైపు వెళ్తే మాగ్నసైట్ గనులున్నాయి. నామక్కల్ జిల్లాలో సిత్తంపూండి దగ్గర అనార్థోసైట్ అనే రాయి ఉంది. చంద్రయాన్-2 పరీక్షల కోసం చంద్రుని నేలను పోలిన మట్టిని ఇస్రో తయారుచేసుకున్నది ఆ రాతిని పొడి చేసే. ఇక తిరుమల ఘాట్ రోడ్డు ఉండనే ఉంది. దర్శనానికి వెళ్ళే ప్రతి తెలుగు కుటుంబమూ దాటే ఆ కొండ పక్కన కింద పురాతన గ్రానైట్, దాని మీద కడప క్వార్ట్జైట్ పొరలు ఉన్నాయి. ఆ రెంటి నడుమ కోట్లాది ఏళ్ళ విరామం ఒక గీతలా కనిపిస్తుంది. జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తింపు పొందిన ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అదే. కాబట్టి విభాగంలో అడగవలసిన ప్రశ్న ఇది: గడచిన ఏడాది మూడో సంవత్సరం విద్యార్థులను ఎక్కడికి తీసుకువెళ్ళారు, ఎన్ని రోజులు ఉంచారు, ఒక్కొక్కరి చేత సొంతంగా మ్యాపు గీయించారా? బస్సులో తిప్పి ఫోటోలు తీయించి తీసుకువచ్చిన యాత్ర ఫీల్డ్ వర్క్ కాదు. క్లినోమీటరు చేతబట్టి ఒక పొర ఎటు వంగిందో, ఎన్ని డిగ్రీలు వంగిందో విద్యార్థి తానే కొలిచి, సాయంత్రానికి కాగితం మీద పెట్టాలి.

ఈ దారిలో ఉన్న లోటు కూడా చెప్పాలి. ప్రభుత్వ కళాశాలల బీఎస్సీ సిలబస్‌లో గణితం పాలు తక్కువ, కంప్యూటర్ పని అంతకంటే తక్కువ. ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివే అలైడ్ సబ్జెక్టులు ఎంచుకునే వీలున్న చోట, సులువుగా మార్కులు వచ్చేది ఏదని చూడకుండా గణితమూ భౌతికశాస్త్రమూ తీసుకోవాలని నా గట్టి సలహా. ఐఐటీలలో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష రాసేటప్పుడు, జియాలజీతో పాటు డిగ్రీలో ఏయే సబ్జెక్టులు చదివారని కొన్ని సంస్థలు అడుగుతాయి. కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ కాలేజీలో నేర్పకపోతే క్యూజీఐఎస్ ఉచితంగానే దొరుకుతుంది, రెండో ఏడు సెలవుల్లో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ఈ రెండు పనులు చేసుకున్న ప్రెసిడెన్సీ విద్యార్థికి గిండీలోని మద్రాసు విశ్వవిద్యాలయం, అన్నా విశ్వవిద్యాలయం, పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయం, అటు తిరుపతి శ్రీ వెంకటేశ్వర, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదు ఉస్మానియా, వీటితో పాటు ఐఐటీలు, అన్నీ ఎమ్మెస్సీకి అందుబాటులోనే ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగం 1941 నాటిది. అక్కడ చదివినవారు దేశంలోని చమురు, ఖనిజ సంస్థలన్నింటా కనిపిస్తారు.

బెంగుళూరుకు వెళ్ళడం వల్ల లాభమెంత

చెన్నైలో సీటు రాకనో, బంధువులు ఉన్నారనో కొందరు బెంగుళూరు వైపు చూస్తారు. అక్కడి డిగ్రీ పద్ధతి వేరు. కర్ణాటకలో 2021లో నాలుగేళ్ళ డిగ్రీ తెచ్చి, 2024లో మళ్ళీ మూడేళ్ళకు మార్చారు. బీఎస్సీలో మూడు సబ్జెక్టులను సమానంగా చదివే పాత సంప్రదాయమూ తిరిగి వచ్చింది. జియాలజీని ఫిజిక్స్‌తోనో గణితంతోనో కలిపి చదివే వీలున్న చోట అది మంచిదే. ఒకే సబ్జెక్టులో కూరుకుపోకుండా మరో తలుపు తెరిచి ఉంచుతుంది. ఆ ఊరికి రాళ్ళ కొరత కూడా లేదు. లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి దిగే ఆ పెద్ద బండ సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి పెనిన్సులర్ నైస్ అనే చారల రాయి, అదీ జాతీయ భూగర్భ స్మారకమే. రామనగరం కొండల క్లోజ్‌పేట గ్రానైట్ గంట దూరం. మన తెలుగువారు తరతరాలుగా పనిచేసిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడినా, శిస్టు అనే పొరల రాయి ఉన్న ఆ పట్టీ విద్యార్థులకు ఇప్పటికీ పాఠమే. వైమానిక ఖనిజ సర్వేలు చేసే జీఎస్ఐ విభాగమూ, 1958లో ఏర్పడిన జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కార్యాలయమూ అక్కడే ఉన్నాయి.

ఇన్ని ఉన్నా, మామూలు బీఎస్సీ కోసం చెన్నై విడిచి బెంగుళూరులో గది అద్దె కట్టుకుంటూ చదవడం నాకు సబబుగా తోచదు. ఆ డబ్బు ఎమ్మెస్సీకి దాచుకోవడం మేలు. బెంగుళూరు వెళ్ళడానికి తగిన కారణం ఒక్కటే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నాలుగేళ్ళ బీఎస్ పరిశోధన కోర్సు. అందులో భూమి, పర్యావరణ శాస్త్రాలను ప్రధానాంశంగా తీసుకునే వీలుంది. అక్కడ సీటు వచ్చిన విద్యార్థికి ఈ వ్యాసంతో పని లేదు.

ఐఐటీలు, ఐసర్ తిరుపతి

జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీలలో జియాలజీ, జియోఫిజిక్స్ (భౌతికశాస్త్ర పద్ధతులతో భూమిని పరిశీలించే శాస్త్రం) కోర్సులు దొరుకుతాయి. కంప్యూటర్ సైన్స్‌కు చాలని ర్యాంకులకు కూడా ఇవి అందుతాయి గనుక, ఐఐటీ పేరు కోసం చేరి ఆ తర్వాత మొదటి ఏడంతా బ్రాంచి మార్పు గురించే ఆలోచించే పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. రాళ్ళ మీద ఏ ఆసక్తీ లేని పిల్లవాణ్ణి పేరు కోసం అక్కడికి పంపడం ఇంటికీ మంచిది కాదు, పిల్లవాడికీ మంచిది కాదు. ఆసక్తి ఉన్నవాడికి మాత్రం అక్కడి ప్రయోగశాలలూ, వేసవి ఇంటర్న్‌షిప్పులూ, చమురు కంపెనీలతో ఉన్న సంబంధాలూ మరెక్కడా దొరకవు. ఫీజు మాత్రం ఎక్కువ. బీటెక్ స్థాయి కోర్సులకు ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు, కుటుంబ ఆదాయాన్ని బట్టీ, వర్గాన్ని బట్టీ రాయితీలుంటాయి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. ఈ కోర్సుల కాలవ్యవధి కొన్ని చోట్ల నాలుగేళ్ళు, కొన్ని చోట్ల ఐదేళ్ళు. సంస్థలు వీటిని మార్చుకుంటూ కూడా వస్తున్నాయి. నాలుగేళ్ళ బీఎస్ పట్టా మాత్రమే తీసుకుని బయటకు వస్తే, పీజీ అడిగే యూపీఎస్సీ జియాలజిస్టు పరీక్షకు అది సరిపోదు. కౌన్సెలింగులో కోర్సు పేరు పక్కన ఉన్న సంవత్సరాల అంకెనూ, చివర ఇచ్చే పట్టా పేరునూ చదివిన తర్వాతే ఆప్షన్ పెట్టండి.

చెన్నై తెలుగు కుటుంబాలకు ఈ వరసలో అన్నిటికంటే దగ్గరగా ఉన్నది తిరుపతి ఐసర్. ఏర్పేడు దగ్గర సొంత ప్రాంగణంలో ఐదేళ్ళ బీఎస్-ఎమ్మెస్ నడుపుతోంది. మొదటి రెండేళ్ళు అన్ని శాస్త్రాలూ చదివించి, తర్వాత భూమి, వాతావరణ శాస్త్రాల వైపు వెళ్ళే వీలిస్తుంది. ప్రవేశం ఐసర్లు నిర్వహించే ఆప్టిట్యూడ్ పరీక్షతోనే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, బయాలజీ నాలుగింటి నుంచీ సమానంగా ప్రశ్నలుంటాయి గనుక ప్లస్ టూలో బయాలజీ వదిలేసినవారికి ఆ పాలు మార్కులు కష్టమే. అయినా పదిహేడేళ్ళ వయసులో జియాలజీ అంటే ఏమిటో పూర్తిగా తెలియని పిల్లవాడు, రెండేళ్ళు ఆగి నిర్ణయించుకునే వసతి ఈ ఒక్క దారిలోనే ఉంది. నా దృష్టిలో నాలుగు దారుల్లోనూ ఇదే మొదటిది. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఐసర్ చదువు పరిశోధన వైపు మొగ్గుతుంది. గనిలోనో, డ్రిల్లింగు రిగ్గు మీదనో పనిచేయాలని ఉన్న పిల్లవాడికి అక్కడ కొంత వెలితిగానే ఉంటుంది.

పక్క ఇంజినీరింగ్ చదువులు

గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో మైనింగ్, జియోఇన్‌ఫర్మాటిక్స్ బ్రాంచీలున్నాయి. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగుకు ప్రవేశ పరీక్ష లేదు, ప్లస్ టూ గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులే ఆధారం. నాలుగేళ్ళకే ఇంజినీరింగ్ పట్టా చేతికి రావడం వీటి బలం. పీజీ దాకా ఆగలేని ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

జియాలజీ, మైనింగ్, జియోఇన్‌ఫర్మాటిక్స్, ఈ మూడింటిలో చేసే పని మాత్రం వేరువేరు. ఖనిజం ఎక్కడుందో, ఎంతుందో, ఏ నాణ్యతలో ఉందో చెప్పేది జియాలజిస్టు. దాన్ని ప్రాణనష్టం లేకుండా, ఖర్చు గిట్టేలా బయటకు తీసేది మైనింగ్ ఇంజినీరు. సింగరేణి, నైవేలి, ఎన్‌ఎండీసీ వంటి చోట్ల ఇద్దరూ కావాలి గాని, గని నడిపే బాధ్యతా, దానికి తగిన మేనేజరు సర్టిఫికెట్టూ మైనింగ్ వారివే. ఉద్యోగం గని ఉన్న చోటే, అంటే చాలావరకు ఊళ్ళకు దూరంగా ఉంటుంది. జియోఇన్‌ఫర్మాటిక్స్ దీనికి పూర్తిగా విరుద్ధం. ఉపగ్రహ చిత్రాలు, మ్యాపులు, ప్రోగ్రామింగు, అన్నీ బల్ల ముందు కూర్చుని చేసే పనులే, చెన్నై బెంగుళూరుల్లోనే ఉద్యోగం దొరుకుతుంది. కొండ ఎక్కాలన్న కోరికతో జియాలజీ అడిగే పిల్లను సర్దిచెప్పి జియోఇన్‌ఫర్మాటిక్స్‌లో చేర్పిస్తే ఆమె కోరుకున్నది ఆమెకు దొరకదు. ఎండ పడని, ఊరు వదలలేని పిల్లకు అదే మంచి చదువు. సివిల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. భూమి లోపలి సంగతుల మీద ఆసక్తి ఉంటే సివిల్ చదివి జియోటెక్నికల్‌లో ఎమ్‌టెక్ చేయవచ్చు.

ఫిజిక్స్, కెమిస్ట్రీ మీదుగా

జీఎస్ఐ కోసం జియాలజీయే చదవాలని అందరూ అనుకుంటారు. నిజానికి యూపీఎస్సీ నిర్వహించే అదే కంబైన్డ్ జియోసైంటిస్ట్ పరీక్షలో జియోఫిజిసిస్టు, కెమిస్టు ఉద్యోగాలు కూడా భర్తీ అవుతాయి. జియోఫిజిసిస్టు పోస్టుకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ కూడా అర్హతే, కెమిస్టు పోస్టుకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చాలు. బీఎస్సీ ఫిజిక్స్ చదివినవారిని ఎమ్మెస్సీ జియోఫిజిక్స్‌లో చేర్చుకునే విశ్వవిద్యాలయాలు మన ఆంధ్ర, తెలంగాణల్లోనే ఉన్నాయి.

దీనర్థం ఏమిటంటే, గణితం బాగా వచ్చి, భూమి మీద ఆసక్తి ఉన్నా జియాలజీయే జీవితమని ఇంకా తేల్చుకోలేని విద్యార్థి నగరంలో మంచి కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చేరినా ఏ దారీ మూసుకుపోదు. మూడేళ్ళ తర్వాత మనసు మారితే ఉపాధ్యాయ వృత్తి, డేటా ఉద్యోగాలు, బీఈడీ, ఎన్నో ఉన్నాయి. బీఎస్సీ జియాలజీ చదివి మనసు మారినవాడికి అంత వెసులుబాటు లేదు. అతనికి మిగిలేవి సివిల్ సర్వీసులు, బ్యాంకు పరీక్షలు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయడానికి అర్హత ఇచ్చే సబ్జెక్టుల్లో జియాలజీ ఉందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ విషయం.

ఐదేళ్ళ తర్వాత ఉండే పని

జీఎస్ఐ 1851లో మొదలైన సంస్థ. అక్కడ జియాలజిస్టు ఉద్యోగం లెవెల్ 10 వేతనశ్రేణిలో, 56,100 రూపాయల మూలవేతనంతో ఆరంభమవుతుంది. పరీక్ష రాయడానికి 21 నుంచి 32 ఏళ్ళ వయసు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపులుంటాయి. ఈ ఉద్యోగం మంచిదే, కాని ఖాళీలు ఏటా ఒకే తీరుగా ఉండవు. 2023లో 285 పోస్టులకు ప్రకటన ఇచ్చారు, 2024లో 56కే ఇచ్చారు. అన్ని విభాగాలూ కలిపి వచ్చిన లెక్క ఇది. ఒక విద్యార్థి ఎమ్మెస్సీ ముగించే ఏడాది ఏ అంకె పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుచేత ఈ పరీక్ష ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని చదవడం వద్దంటాను. జీఎస్ఐ పరీక్షకు చదివిన చదువే గేట్‌కూ, ఓఎన్‌జీసీ ఉద్యోగాలకూ, నెట్‌కూ పనికొస్తుంది గనుక అన్నీ కలిపి రాసుకోవాలి.

చమురు రంగంలో జీతాలు బాగుంటాయి. అయితే ముడిచమురు ధర పడినప్పుడల్లా మొదట తగ్గించేది అన్వేషణ ఖర్చునే. 2014 తర్వాత ధరలు కూలినప్పుడు ప్రపంచమంతటా చమురు సేవల కంపెనీలు వేలమందిని ఇంటికి పంపాయి. ఇప్పుడు కీలక ఖనిజాల ముచ్చట వినిపిస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2025 జనవరిలో దానికోసం జాతీయ మిషన్‌ను ఆమోదించింది కూడా. అన్వేషణ పెరుగుతుందన్నది నిజమే గాని, లిథియం దొరికిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ గని తెరుచుకోదు. కర్ణాటకలోని మండ్య జిల్లాలో ప్రాథమిక సర్వేలో తేలింది 1,600 టన్నులు, అదీ ‘ఇన్ఫర్డ్’ అనే తొలి అంచనా స్థాయిలోనే. ఆ స్థాయికీ గనికీ మధ్య ఎన్నో ఏళ్ళ డ్రిల్లింగు పని ఉంటుంది. ఆ డ్రిల్లింగు పనే కొత్త జియాలజిస్టులకు జీతమన్న మాట కూడా నిజమే.

చెన్నై బెంగుళూరుల్లోనే ఉండి చేసే పని ఎక్కువగా రెండు రకాలు. ఒకటి సొరంగాలు, పునాదులు. మెట్రో సొరంగం తవ్వే యంత్రం ముందు చెన్నైలో ఒకచోట ఇసుక, బంకమట్టి వస్తే మరోచోట గట్టి చార్నకైట్ వస్తుంది. సగం మెత్తన, సగం గట్టి ఒకేసారి ఎదురైతే యంత్రం పళ్ళు అరిగిపోతాయి. బెంగుళూరు కింద సగం చివికిన నైస్‌లో బండరాళ్ళు ఇదే తంటా పెడతాయి. ముందుగా బోరు వేసి తీసిన రాతి కోర్‌ను పెట్టెలో వరసగా పేర్చి, 10 సెంటీమీటర్ల కంటే పొడవున్న ముక్కల మొత్తం పొడవును కొలిచి, తవ్విన పొడవులో అది ఎంత శాతమో రాస్తారు. దాన్ని ఆర్‌క్యూడీ అంటారు. శాతం ఎక్కువైతే రాయి గట్టిది, తక్కువైతే పగుళ్ళు మెండు. బీఎస్సీతో ఆగినవారికి దొరికే కొద్దిపాటి ఉద్యోగాల్లో ఈ కోర్ లాగింగ్ ఒకటి. జీతం తక్కువ, ఎండలో నిలబడాలి, కాని రెండేళ్ళు చేస్తే నేర్చుకున్నది వృథా పోదు.

రెండోది భూగర్భజలం. 2019లో చెన్నై, 2024లో బెంగుళూరు నీటికి ఎంత అల్లాడాయో అందరికీ తెలుసు. చెన్నైకి ఉత్తరాన మీంజూరు వైపు అతిగా తోడినందువల్ల సముద్రపు ఉప్పునీరు భూమి లోపలికి చొచ్చుకొచ్చింది. దశాబ్దాలుగా దాన్ని కొలుస్తూనే ఉన్నారు. నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి చూసి, లోపల నీరున్న చివికిన రాయి ఎంత లోతు వరకు ఉందో అంచనా వేయడం హైడ్రోజియాలజిస్టు నిత్యం చేసే పని. చిత్తూరు, నెల్లూరు వైపు వెళ్తే అతనికి పోటీ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింటు చూపించే పెద్దమనిషి. ఫీజు ఆయనదే తక్కువ, పలుకుబడి ఆయనదే ఎక్కువ. రైతుకు లెక్క అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగిన జియాలజిస్టుకు అక్కడ నిలకడగా పని దొరుకుతుంది.

ఆడపిల్లల విషయం

తల్లిదండ్రులు ఈ ప్రశ్న నసుగుతూ అడుగుతారు గనుక నేరుగానే చెబుతాను. జియాలజీ తరగతుల్లో అమ్మాయిలు బాగానే ఉంటున్నారు, జీఎస్ఐ ఫీల్డ్ పనిలోనూ ఉన్నారు. భూగర్భ గనుల్లో స్త్రీలు పనిచేయరాదన్న పాత నిషేధాన్ని కేంద్రం 2019లో షరతులతో సడలించింది. అసలు ఇబ్బంది ఫీల్డ్ క్యాంపుల్లో బస, మరుగుదొడ్డి ఏర్పాట్లది. అది కాలేజీని బట్టి మారుతుంది. విభాగంలో మూడో ఏడు చదివే అమ్మాయినే పక్కకు పిలిచి, “క్యాంపులో మిమ్మల్ని ఎక్కడ ఉంచారమ్మా, వెంట మేడం ఎవరైనా వచ్చారా?” అని అడిగితే ప్రాస్పెక్టస్‌లో లేని సమాధానం వస్తుంది.

ఎవరికి ఏది

ఐదేళ్ళు చదివించగలిగి, పిల్ల లేదా పిల్లవాడు నాలుగు సబ్జెక్టుల్లోనూ గట్టిగా ఉంటే ఐసర్ తిరుపతి, లేదా ఐదేళ్ళ ఐఐటీ కోర్సు. ఫీల్డ్ అంటే నిజంగా ఇష్టమై, ఇంటి ఖర్చు కూడా చూసుకోవలసి ఉంటే ప్రెసిడెన్సీ బీఎస్సీ, దాని తర్వాత జామ్‌తో ఎమ్మెస్సీ. ఐసర్ లేదా ఐఐటీ సీటు రానివారికి ఇది ఏమాత్రం చిన్నదారి కాదు. నాలుగేళ్ళకే సంపాదించవలసిన ఇల్లైతే గిండీ మైనింగ్ లేదా జియోఇన్‌ఫర్మాటిక్స్. ఇంకా ఊగిసలాటలో ఉంటే బీఎస్సీ ఫిజిక్స్. ప్రైవేటు కాలేజీలో భారీ ఫీజు కట్టి మామూలు బీఎస్సీ జియాలజీ చదివించడాన్ని మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను. ఆ పట్టాకు విడిగా అంత విలువ లేదు.

చివరగా తేదీల సంగతి. ఐసర్ ఆప్టిట్యూడ్ పరీక్షకు దరఖాస్తులు సాధారణంగా వేసవి మొదట్లోనే, ప్లస్ టూ ఫలితాలకు ముందే ముగిసిపోతాయి. ప్రభుత్వ కళాశాలల, ఇంజినీరింగ్ కౌన్సెలింగుల దరఖాస్తులు ఫలితాల ముందువెనకలుగా మొదలవుతాయి. ఫలితాలు వచ్చాక ఆలోచిద్దామని కూర్చుంటే నాలుగు దారుల్లో ఒకటి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ఐసర్ దరఖాస్తు ముందు పెట్టేయండి, తమిళనాడు కులధ్రువీకరణ పత్రానికి ఏప్రిల్‌లోపే అర్జీ పెట్టుకోండి.